రాత్రంతా తిరిగిన టేపు

2024 జులై 19, శుక్రవారం. శంషాబాద్ విమానాశ్రయంలో కోల్‌కతా విమానం ఎక్కాల్సిన ఓ ప్రయాణికుడికి బోర్డింగ్ పాస్ ఇచ్చారు. ప్రింటర్ నుంచి వచ్చింది కాదు, పెన్నుతో రాసింది! పేరు, ఫ్లైట్ నంబరు, సీటు... అన్నీ చేతిరాతే. ఆ పాస్ ఫొటో ఆ రోజు దేశమంతా తిరిగింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌కి ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర చూపించి చతికిలపడిన రోజు అది.

క్యూలో నిలబడిన వాళ్లందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే... 'ఎప్పుడు లేస్తుంది?' నిజానికి ఇలాంటప్పుడు అడగాల్సిన ప్రశ్న మరొకటుంది. 'లేచాక లోపల ఉన్నవి ఉన్నట్టే ఉంటాయా?' ఆనాడు చెడింది కంప్యూటర్ మొదలయ్యే తీరే కానీ లోపలి లెక్కలు కాదు కాబట్టి బతికిపోయాం. ఈ రెండో ప్రశ్నతో రోజూ రాత్రి కుస్తీ పట్టిన తరం ఒకటుంది. వాళ్ల చేతిలోని ఆయుధం టేపు. అవును, పాటలు వినే క్యాసెట్‌కి దగ్గరి చుట్టమే.

టేపు ముచ్చట చెప్పుకోవడానికి శంషాబాద్ కంటే మంచి చోటు దొరకదు. విమానాశ్రయం నుంచి బయటికొచ్చి బెంగళూరు హైవే ఎక్కి దక్షిణంగా వెళితే కొత్తూరు, అది దాటితే షాద్‌నగర్ వస్తాయి. 2008 మార్చి 23న విమానాశ్రయం మొదలయ్యేదాకా చాలామందికి శంషాబాద్ అంటే ఈ రోడ్డు మీద బస్సు ఆగే ఓ ఊరే. కానీ అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆ ఊరి మీదుగా అంతరిక్షం నుంచి వచ్చిన సరుకు వాహనాల్లో వెళ్తుండేది! షాద్‌నగర్ దగ్గర 1979లో నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ వాళ్ల భూకేంద్రం ఏర్పడింది. మొదట అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్, తర్వాత 1988 మార్చి 17న ఎగిరిన మన ఐఆర్ఎస్-1ఎ... ఇవన్నీ పైనుంచి పంపే చిత్రాలను అక్కడి యాంటెన్నాలు పట్టుకునేవి. వాటిని శుద్ధిచేసి పటాలుగా మార్చే పని మాత్రం నగరానికి ఆ చివర, బాలానగర్‌లో. మధ్యలో ఏముంది? టేపులే. భోజనం పళ్లెమంత రీళ్ల మీద రికార్డు చేసి రోడ్డు మీద తీసుకెళ్లేవారు. మన జిల్లాలో ఎంత వరి వేశారో, ఏ చెరువులో ఎంత నీరుందో చెప్పే సమాచారం అలా శంషాబాద్ దాటి వెళ్లేదన్నమాట.

ఎన్ఆర్ఎస్ఏ 2008లో ఇస్రోలో భాగమై ఎన్ఆర్ఎస్‌సీగా మారింది. 2011 ప్రాంతంలో 'ఇమ్‌జియోస్' పేరుతో చిత్రాలు అందుకోవడం, శుద్ధి చేయడం, దాచడం మూడూ షాద్‌నగర్‌లోనే ఒక చోటికి చేరాయి. రోజులు పట్టే పని గంటల్లోకి వచ్చింది. రోడ్డు ప్రయాణం తప్పింది కానీ టేపు మాత్రం పోలేదు. తరచూ వాడే సమాచారం డిస్కుల్లో, మిగతాది టేపుల బీరువాలో!

టేపుకు ఎందుకింత గిరాకీ అంటే, చవక. పైగా డ్రైవ్‌లోంచి తీసేస్తే అది కంప్యూటర్‌తో సంబంధం లేని వస్తువు. జేబులో వేసుకుని వెళ్లి వేరే ఊళ్లో లాకర్‌లో పెట్టొచ్చు. ఇక్కడ ఆఫీసు తగలబడినా అక్కడ లెక్కలు భద్రం. 1951లో వచ్చిన యూనివాక్ కాలం నుంచి కంప్యూటర్లకు టేపు తోడుగా ఉన్నది అందుకే.

ఉమ్మడి కుటుంబం, ఒకటే వంటిల్లు

షాద్‌నగర్ వంటి చోట్ల నిపుణులుంటారు, సదుపాయాలుంటాయి. మరి బజారు వీధిలోని బ్యాంకు శాఖ సంగతి? అసలు కథ అక్కడే.

1990లలో బ్యాంకుకెళ్లినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఓ మూల అద్దాల గది. దానికి మాత్రమే ఏసీ. చెప్పులు బయట విడిచి లోపలికెళ్లాలి. గుళ్లో గర్భగుడికున్నంత మర్యాద! అందులో ఉండేది మహా అయితే ఒక కంప్యూటర్. కౌంటర్ల మీద ఆకుపచ్చ అక్షరాలతో మెరిసే పెట్టెలు కంప్యూటర్లు కావు, టెర్మినళ్లు. వాటికి సొంత బుర్ర ఉండదు. మీట నొక్కితే ఆ అక్షరం తీగ వెంట అద్దాల గదిలోకి వెళ్లి, జవాబు వెనక్కి వస్తుంది. ఒకే యంత్రాన్ని పది పదిహేను మంది ఒకేసారి వాడుకునే ఈ ఏర్పాటును నడిపించేది యునిక్స్. ఉమ్మడి కుటుంబంలో పది మందికీ ఒకటే వంటిల్లు ఉన్నట్టు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల గోడలన్నీ 'యునిక్స్, సి, ఒరాకిల్' బోర్డులతో నిండిపోయిన రోజులవి.

వంటిల్లు ఒకటే కాబట్టి పొయ్యి ఆరితే అందరికీ పస్తే. అందుకే సాయంత్రం లెక్కలు ముగిశాక ఆ రోజు సమాచారమంతా టేపుకెక్కించడం నిత్యపూజలా సాగేది. దానికి వాడే కమాండ్ పేరు 'టార్'. టేప్ ఆర్కైవ్ అన్న రెండు మాటల్ని కుదించి పెట్టిన పేరది. 1979లో వచ్చిన యునిక్స్ ఏడో వెర్షన్‌తో పుట్టింది. ఇప్పటికీ సాఫ్ట్‌వేర్ పిల్లలు రోజూ టైప్ చేస్తూనే ఉంటారు. అందులో టేపు ఉందని చాలామందికి తెలియదనుకోండి.

టేపులు తిప్పడానికీ ఓ పద్ధతి ఉంది. దాని పేరు వింటే మన ఇళ్లలోంచే పుట్టిందా అనిపిస్తుంది... తాత, తండ్రి, కొడుకు! రోజూ వాడే టేపులు కొడుకులు. వారానికోసారి తీసేది తండ్రి. నెలకోసారి తీసి వేరే చోట దాచేది తాత. కొడుకు చెడిపోతే తండ్రి ఆదుకుంటాడు, ఆయనా కాకపోతే తాత.

ఇంత ఏర్పాటు ఉన్నా, కొన్నిచోట్ల రాత్రి బ్యాకప్ మధ్యలో ఉన్నట్టుండి అంతా బిగుసుకుపోయేది. దానికి కారణం పట్టుకోవడం ఓ అపరాధ పరిశోధనే.

కనిపించని దొంగ

ఓ శాఖ ఉందనుకుందాం. పది టెర్మినళ్లు. సాయంత్రం ఆరున్నరకు టేపు పెట్టి బ్యాకప్ మొదలుపెడతారు. సోమవారం బాగానే అయింది. మంగళవారం సగంలో ఆగింది. డ్రైవ్ మీద లైటు వెలుగుతోంది కానీ టేపు కదలడం లేదు. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. చివరికి స్విచ్ ఆపి మళ్లీ వేస్తే, డిస్కు సరిచూసుకోవడానికే మరో అరగంట. బుధవారం మధ్యాహ్నం సర్వీసు ఇంజినీరు వచ్చాడు. భోజనాల వేళ కదా, కౌంటర్లు ఖాళీ. టేపు పెట్టాడు, కమాండ్ ఇచ్చాడు, ఎక్కడా ఆగకుండా పూర్తయింది. 'డ్రైవ్ బాగానే ఉందండీ, టేపు పాతబడి ఉంటుంది, మార్చి చూడండి' అని సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. కొత్త టేపు కొన్నారు. గురువారం సాయంత్రం మళ్లీ అదే తంతు.

తేడా ఎక్కడుందో కనిపెట్టారా? ఇంజినీరు పరీక్షించినప్పుడు టెర్మినళ్ల మీద ఎవరూ లేరు. మంగళ, గురువారాల్లో ఎవరో ఒకరు పని మిగిలిపోయి ఇంకా మీటలు నొక్కుతూనే ఉన్నారు. టేపు ఒంటరిగా ఉంటే పరుగెడుతుంది. పక్కన మనిషి ఉంటే ఆగిపోతుంది. సమస్య టేపులో లేదు, డ్రైవ్‌లోనూ లేదు. టేపుకూ టెర్మినళ్లకూ మధ్య ఉంది.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఓ ఇల్లు ఊహించుకోండి. కింద యజమాని, పైన రెండు వాటాల్లో అద్దెదారులు. వాళ్లకు యజమానితో పనిపడితే ఓ బెల్లు నొక్కుతారు. ఏ బెల్లు మోగిందో దాన్నిబట్టి ఎవరు పిలిచారో ఆయనకు తెలుస్తుంది. కంప్యూటర్‌లోనూ ఇంతే. కీబోర్డు, ప్రింటర్, డిస్కు, టేపు... దేనికి పనిపడినా ప్రాసెసర్‌ను పిలవడానికి ఒక్కోదానికి ఒక్కో తీగ. దాన్ని ఇంటరప్ట్ లైన్ అంటారు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఇవి 8. 1984 నాటి మోడల్‌తో 16 అయ్యాయి. చాలా ఎక్కువ అనిపిస్తుంది కానీ గడియారానికి 0, కీబోర్డుకు 1, సీరియల్ పోర్టులకు 3, 4, ఫ్లాపీకి 6, ప్రింటర్‌కు 7, హార్డ్‌డిస్కుకు 14... ఇలా ముందే పంపకాలైపోతే అదనంగా పెట్టే కార్డులకు మిగిలేవి నాలుగైదే. మరి యునిక్స్ మెషీన్‌లో పెట్టాల్సినవో? పది టెర్మినళ్ల తీగలు కలిపే మల్టీపోర్ట్ కార్డు, టేపు కార్డు, తర్వాత్తర్వాత నెట్‌వర్క్ కార్డు. తయారుచేసిన వాళ్లు చాలా కార్డులను 5వ నంబరు మీద పెట్టి అమ్మేవాళ్లు. అన్నీ దానికే ఎగబడితే గొడవ రాదూ!

రెండు వాటాలకూ ఒకే బెల్లు పెట్టారనుకోండి. మొదటివారు వేలు తీయకుండా నొక్కి పట్టుకుంటే, రెండోవారు ఎంత నొక్కినా కొత్తగా మోగేదేముంది? ఆనాటి పీసీల్లో ప్రాసెసర్ పట్టించుకునేది బెల్లు మొదలైన క్షణాన్నే. ఆ క్షణం తప్పిపోయిందా... టేపు 'ఈ ముక్క రాశాను, తర్వాతది ఇవ్వండి' అని పిలిచిన పిలుపు ఎవరికీ వినపడదు. టేపు జవాబు కోసం చూస్తుంటుంది. టార్ టేపు కోసం చూస్తుంటుంది. కౌంటర్‌లోని మనిషి తెర కోసం చూస్తుంటాడు. అందరూ మర్యాదగా ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ తెల్లారబెట్టేస్తారు.

మూత తీస్తే తెలిసేది

మన బ్యాంకు శాఖల్లో బాగా కనిపించిన యునిక్స్ రకాల్లో ఎస్‌సీఓ వాళ్లది ఒకటి. అందులో 'హెచ్‌డబ్ల్యూకాన్ఫిగ్' అనే కమాండ్ ఇస్తే ఏ పరికరం ఏ చిరునామాలో ఉంది, ఏ బెల్లు వాడుతోంది అని ఓ జాబితా వస్తుంది. ఒకే నంబరు రెండుచోట్ల కనిపిస్తే దొంగ దొరికినట్టే. చాలాసార్లు పని ఇంత సులువుగానే అయిపోతుంది.

అవనప్పుడే ఉంది మజా. ఆ జాబితా చెప్పేది యంత్రానికి మనం ఏం చెప్పామో అది. కార్డు మీద నిజంగా ఏముందో కాదు. కార్డు నంబరు మార్చేది బియ్యపు గింజంత ప్లాస్టిక్ తొడుగు... దాన్ని జంపర్ అంటారు. ఓ ఆదివారం ఎవరో కొత్త నెట్‌వర్క్ కార్డు బిగించి, జంపర్‌ను ఫ్యాక్టరీ వాళ్లు పెట్టిన చోటే వదిలేశారనుకోండి. దాని సంగతి యునిక్స్‌కు ఇంకా చెప్పనేలేదు. జాబితా చూస్తే అంతా సవ్యం. లోపల మాత్రం జాబితాలో లేని మనిషొకడు బెల్లు నొక్కుతున్నాడు! కాగితం మీద కుటుంబంలో నలుగురే, ఇంట్లో ఐదుగురు.

కాబట్టి స్క్రూడ్రైవర్, టార్చిలైటు తీసుకుని మూత తీయాల్సిందే. ఆనాటి మంచి ఇంజినీర్లు పాటించిన పద్ధతి చాలా మామూలుది. అక్కర్లేని కార్డులన్నీ పీకేయడం. టేపు ఒక్కటే ఉంచి చూడటం. ఆడితే ఇంకో కార్డు పెట్టడం, మళ్లీ చూడటం. ఏది పెట్టగానే ఆగిందో అదే దోషి. దాని జంపర్‌ను ఖాళీగా ఉన్న నంబరుకు, అంటే 10కో 11కో మార్చి, ఆ సంగతి యునిక్స్‌కు చెప్పి, కెర్నల్‌ను మళ్లీ కట్టి, రీబూట్ చేయడం. ఒకసారి ఒక్క మార్పే. తొందరపడి రెండు మార్పులు ఒకేసారి చేసినవాడికి ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. ఇంకొందరు ఓ మెట్టు పైన ఉండేవారు. ఏ కార్డుకు ఏ నంబరో తెల్లకాగితం మీద రాసి మూత లోపలివైపు అతికించేవారు. తర్వాత వచ్చే ఇంజినీరు ఎవరో వాళ్లకు తెలియదు. అయినా రాసిపెట్టేవారు.

పరీక్ష కూడా ఖాళీ వేళ కాదు, రద్దీ వేళ చేయాలి. పది మందీ టెర్మినళ్ల మీద ఉండగా, ప్రింటర్ మోగుతుండగా టేపు తిప్పి చూస్తేనే జబ్బు బయటపడుతుంది. అసలు బ్యాకప్ మాత్రం ఇందుకు పూర్తిగా విరుద్ధం, అందరినీ బయటికి పంపించాకే చేయాలి. ఎందుకంటే టేపుకు ఎక్కుతుండగానే ఎవరో లెక్క మారిస్తే, ఖాతాలో డబ్బు తగ్గిన ఫైలు పాతది, పెరిగిన ఫైలు కొత్తది ఎక్కే ప్రమాదం ఉంది. అందుకే 'వాల్' అనే కమాండ్‌తో అన్ని తెరల మీదా 'దయచేసి లాగౌట్ అవండి' అని చాటింపు వేసి, యంత్రాన్ని ఒక్కరి చేతికే తెచ్చుకుని మొదలుపెట్టేవారు.

ఖరీదైన యంత్రాల్లో స్కజీ అనే పద్ధతి ఉండేది. డిస్కులు, టేపు ఒకే తీగకు వరసగా వేలాడతాయి, తోరణానికి మామిడాకుల్లా. ఒక్కోదానికి ఒక్కో నంబరుండాలి. తోరణం రెండు చివర్లా టెర్మినేటర్ అనే బిరడా ఉండాలి. నంబర్లు కలిసినా బిరడా ఊడినా ఇబ్బందే. ఇక్కడ ఇంకో చిత్రం జరిగేది. సరిగ్గా అమర్చని చోట టేపు వెనక్కి చుట్టుకుంటున్నంతసేపూ తీగను పట్టుకుని వదిలేది కాదు. డిస్కు దాకా ఎవరూ వెళ్లలేరు. బయటివాళ్లకు కంప్యూటర్ చచ్చిపోయినట్టే అనిపిస్తుంది. రెండు నిమిషాలకు దానంతటదే లేచి కూర్చుంటుంది. ఇలాంటప్పుడు స్విచ్ ఆపేసినవాళ్లు ఎంతమందో!

పెన్సిల్ దూర్చి క్యాసెట్ చుట్టిన తరానికి ఈ మాట బాగా తెలుస్తుంది. టేపు బిగువు తప్పినా ఇలాంటి లక్షణాలే. దాన్ని ఓసారి చివరిదాకా చుట్టి వెనక్కి తిప్పితే సర్దుకుంటుంది. యునిక్స్‌లో దానికీ ఓ కమాండ్ ఉంది. మెషీన్ సమాచారం అందించడంలో వెనకబడితే టేపు ఆగి, కొంచెం వెనక్కెళ్లి, మళ్లీ ముందుకొస్తుంది. ముందుకీ వెనక్కీ రుద్దుడే రుద్దుడు. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు 'షూ షైనింగ్', అంటే బూట్ పాలిష్!

ఆగిపోవడమే నయం

ఇప్పటిదాకా చెప్పుకున్నది ఆగిపోయే టేపు గురించి. నన్నడిగితే అదే నయం. ఆగితే కనీసం తెలుస్తుంది, ఎవరినో పిలుస్తాం. భయపడాల్సింది ఆగకుండా పూర్తయ్యే టేపుకి.

బెల్లు లాగే సరుకు దించుకునే గుమ్మాలు కూడా ఉంటాయి. వాటిని డీఎంఏ చానళ్లు అంటారు. ప్రాసెసర్‌కు శ్రమ లేకుండా సమాచారం నేరుగా కార్డుకు చేరే దారులివి. రెండు కార్డులు ఒకే గుమ్మం వాడితే ఒకరి మూట ఇంకొకరి ఇంట్లో పడొచ్చు. టేపు హాయిగా తిరుగుతుంది, పూర్తయిందని చెబుతుంది. లోపలికి ఎక్కింది మాత్రం పనికిరాని చెత్త. టేపుల మీద తేదీలు రాసి బీరువాలో వరసగా పేరుస్తారు. తాత, తండ్రి, కొడుకు ముగ్గురూ అక్కడే ఉంటారు, ముగ్గురూ ఉత్తి డొల్ల. ఈ సంగతి ఎప్పుడు తెలుస్తుంది? డిస్కు పోయిన రోజున!

టార్‌కు ఓ చిన్న అక్షరం తగిలిస్తే టేపును మళ్లీ చదివి, అందులో ఉన్న ఫైళ్ల జాబితా ఇస్తుంది. రాయడానికి పట్టినంత సేపూ చదవడానికీ పడుతుంది కాబట్టి, ఇంటికెళ్లే తొందరలో దీన్ని వదిలేసేవారు. జాబితా వచ్చినా సగం భరోసానే. కొన్ని ఫైళ్లు నిజంగా వెనక్కి తీసి, తెరిచి చూస్తేనే పూర్తి నమ్మకం. అందులోనూ ఓ గుంట ఉంది. పాతకాలపు టార్‌లో ఫైలు పేరు ముందు గీతతో సహా పూర్తి చిరునామా టేపుకెక్కించి ఉంటే, పరీక్ష కోసం వెనక్కి తీసిన ఫైలు సరాసరి అసలు చోటుకే వెళ్లి కూర్చుంటుంది. నిన్నటి లెక్క ఇవాళ్టి లెక్క మీద పడుతుంది! టేపు బాగుందో లేదో చూడబోయి ఉన్నది పోగొట్టుకోవడమన్నమాట. తెలిసినవాళ్లు చిరునామా ముందు గీత లేకుండా ఎక్కించి, వేరే ఫోల్డర్‌లోకి దించి చూసేవారు.

ఇదంతా చిన్న ఆఫీసుల బాధ అనుకోకండి. పిక్సార్ స్టూడియోకే తప్పలేదు. 'టాయ్ స్టోరీ 2' తీస్తున్న రోజుల్లో, 1998లో, ఎవరో ఫైళ్లు చెరిపేసే యునిక్స్ కమాండ్‌ను ఇవ్వకూడని చోట ఇచ్చారు. చూస్తుండగానే వుడీ బొమ్మ తాలూకు ఫైళ్లు ఒక్కొక్కటే మాయమైపోయాయి. సినిమాలో దాదాపు తొంభై శాతం పోయింది. పర్లేదు, టేపులున్నాయి కదా అని వెనక్కి తీస్తే... అవి సరిగా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది! అందరి పరువూ కాపాడింది గ్యాలిన్ సస్మన్ అనే సాంకేతిక దర్శకురాలు. బిడ్డ పుట్టడంతో ఆవిడ ఇంటి నుంచి పనిచేస్తున్నారు. అందుకోసం సినిమా కాపీ ఒకటి ఆవిడ ఇంట్లో కంప్యూటర్‌లో ఉంది. దాన్ని దుప్పట్లలో చుట్టి, కారు వెనక సీట్లో పసిబిడ్డలా పడుకోబెట్టి స్టూడియోకి తీసుకొచ్చారు. కొసమెరుపు ఏంటంటే, ఇంత కష్టపడి కాపాడుకున్న సినిమా బాగా రాలేదని తర్వాత వాళ్లే చాలా భాగం మళ్లీ తీశారు. 1999 నవంబరులో మనం చూసింది ఆ రెండోదే.

టేపు పరువు నిలబెట్టిన సందర్భమూ చెప్పాలి. 2011 ఫిబ్రవరి 27న ఓ సాఫ్ట్‌వేర్ లోపంతో కొందరి జీమెయిల్ ఖాతాలు తెరిచేసరికి ఖాళీగా కనిపించాయి. వాడేవాళ్లలో అది 0.02 శాతమే అయినా మనుషుల లెక్కన చూస్తే తక్కువేం కాదు. గూగుల్ ఒక్కో సమాచారాన్ని చాలాచోట్ల దాస్తుంది. కానీ లోపం ఆ కాపీలన్నింటికీ పాకింది. దాని చేతికి అందనివి బీరువాలోని టేపులే. ఎందుకంటే అవి దేనికీ తగిలించి లేవు. వాటి నుంచే ఉత్తరాలు వెనక్కి తెచ్చారు. ఇవాళ కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ ముఠాలకూ బీరువాలోని టేపు అందదు. ముసలిదైపోయిందని అందరూ పక్కన పెట్టిన టేపుకు గిరాకీ నిలబడింది ఈ గుణం వల్లే. 2021లో వచ్చిన ఎల్‌టీఓ-9 రకం టేపు ఒక్కటి, అరచేతిలో పట్టేది, 18 టెరాబైట్లు దాస్తుంది. 1990ల నాటి క్వార్టర్ ఇంచ్ క్యాసెట్‌లో పట్టింది 150 మెగాబైట్లు. ఎక్కడి నుంచి ఎక్కడికి!

బెల్లుల గొడవ కూడా పాతబడింది. 1992లో వచ్చిన పీసీఐ పద్ధతిలో ఒకే తీగను ఇద్దరు పంచుకున్నా గొడవపడకుండా నియమం పెట్టారు. 1995లో విండోస్‌తో 'ప్లగ్ అండ్ ప్లే' వచ్చి జంపర్ల పని తప్పించింది. మొదట్లో అది సరిగా పనిచేయక దేవుడికి దండం పెట్టుకుని బిగించండి అంటూ 'ప్లగ్ అండ్ ప్రే' అని వెక్కిరించారనుకోండి. ఇప్పుడు శంషాబాద్‌కు పడమటి దిక్కున, షాబాద్ మండలం చందనవెల్లిలో పెద్ద పెద్ద డేటా కేంద్రాలు లేచాయి. 2022 నవంబరులో అమెజాన్ వాళ్ల హైదరాబాద్ క్లౌడ్ మొదలైంది. పది మంది కాదు, లక్షల మంది ఒకేసారి వాడుకునే అద్దాల గదులివి. నడిపించేది చాలావరకు లినక్స్, అంటే యునిక్స్ వారసుడే.

మరి మన ఇళ్లలో? టేపుల్లేవు, జంపర్లు లేవు. గొడవ మాత్రం వేరే వేషంలో వస్తుంది. ఫొటోలన్నీ దాచుకుందామని బయటి హార్డ్‌డిస్కును ఓ చవక యూఎస్‌బీ హబ్‌కు తగిలిస్తాం. అదే హబ్‌కు మౌసు, పెన్‌డ్రైవ్, ఫోన్ చార్జింగ్. డిస్కుకు కరెంటు చాలక కాపీ సగంలో తెగిపోతుంది. రాత్రి ఆడినప్పుడు ఫోన్ లేదు, పొద్దున ఆగినప్పుడు ఉంది! డిస్కు పాడైందని కొత్తది కొనేముందు హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కే తగిలించి చూడండి. అయినా ఆగితే తీగ మార్చండి. అప్పటికీ ఆగితే అప్పుడు డిస్కును అనుమానించొచ్చు. కాపీ అయ్యాక ఓ పది ఫొటోలు, పెద్ద వీడియో ఒకటి వేరే కంప్యూటర్‌లో తెరిచి చివరిదాకా చూడండి. పేరు కనిపించడం వేరు, తెరుచుకోవడం వేరు.

అన్నట్టు, 2005 ప్రాంతంలో పెళ్లయిన వాళ్లు ఓసారి బీరువా వెతకండి. పెళ్లి వీడియో సీడీ ఉంటుంది, దాన్ని తిప్పే డ్రైవ్ ఇంట్లో ఉండదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఆ పలకే లేదు కదా! సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలాంటి కంప్యూటర్ బజార్లలో బయట తగిలించుకునే డీవీడీ డ్రైవ్ అడగండి. సీడీని మెత్తని బట్టతో మధ్య నుంచి అంచు వైపు తుడిచి పెట్టండి. గుండ్రంగా తిప్పుతూ తుడిస్తే గీతలు పడతాయి. ఒక డ్రైవ్ చదవకపోతే ఇంకోదాంట్లో చూడండి. ఒకటి వద్దన్న సీడీని మరొకటి చదవడం మామూలే.